బాగుచేసినవారు

డాష్‌బోర్డు కిందికి తల దూర్చి వెల్లకిలా పడుకున్న సుధాకర్ చెయ్యి ఒక్కటే బయటికి వచ్చింది. అందులో పదో నంబరు స్పానర్ పెట్టాలో పన్నెండో నంబరు పెట్టాలో గురుమూర్తికి తెలియలేదు. రెండూ పెట్టాడు. వేళ్లు రెండింటినీ తడిమి చూసి ఒకటి ఉంచుకున్నాయి, రెండోది వెనక్కి ఇచ్చేశాయి.

"లైటు కొంచెం ఎడమపక్కకు సార్" అన్నాడు సుధాకర్ కిందినుంచి.

గురుమూర్తి మోకాళ్ల మీద వంగి లైటు జరిపాడు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు. ఇస్త్రీ ప్యాంటుకు మరకలంటకుండా మోకాళ్ల కింద అట్టముక్క వేసుకున్నాడు. నవంబరు మొదటివారం వచ్చినా, సాయంత్రం నాలుగు దాటినా, కువైట్‌లోని షువైఖ్‌లో హారూన్ గ్యారేజీ రేకులకు ఇంకా వేడి తగ్గలేదు. పక్క షెడ్డులో ఎవరో గ్రైండర్ పట్టారు. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా సుధాకర్ ఊపిరి తీస్తున్న శబ్దం వినిపిస్తోంది.

బండి 1970 నాటి మస్టాంగ్. ముదురాకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. పద్నాలుగు నెలల కిందట కబ్ద్‌లో ఒక తోట షెడ్డులో మేకల మధ్య దొరికింది. అప్పుడు ఫ్లోరంతా తుప్పుపట్టి, డ్రైవరు సీటు కింద చెయ్యి పెడితే నేల తగిలేది. సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటులో ఇరవై రెండేళ్లుగా ఇంజనీరుగా పనిచేస్తున్న గురుమూర్తి, కాలేజీ రోజుల్లో ఏదో పత్రిక అట్ట మీద చూసి మనసు పడిన బండి అది. ఆరోజే పేపర్లు తన పేరున రాయించుకుని, లారీ మీద ఎక్కించి తెచ్చి ఈ షెడ్డులో దింపించాడు.

అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం వచ్చాడు. పుస్తకాలు తెప్పించి చదివాడు. కువైట్ ఎండకు పాత రేడియేటర్ ఆగదని పెద్దది తెప్పించి, దానికి రెండు కరెంటు ఫ్యాన్లు పెట్టించాడు. ముందు చక్రాలకు పాత డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కులు వేయించాడు. ఇప్పుడు చివరిపని ఏసీ. ఆ కాలపు డాష్‌బోర్డు వెనక ఈ కాలపు ఏసీ పెట్టె పట్టదని రెండు గ్యారేజీల వాళ్లు తిప్పి పంపారు. సుధాకర్ మూడు రోజులు అట్టముక్కలు కత్తిరించి అటూ ఇటూ పెట్టి చూసి, గాలిగొట్టాల దారి మార్చి, రేకుతో కొత్త బ్రాకెట్టు వంచి పట్టించాడు.

"స్టార్టు చేయండి సార్."

ఇంజను అందుకుంది. సుధాకర్ బయటికి పాకి వచ్చి, ముంగురులకంటిన దుమ్ము దులుపుకోకుండానే గాలి వచ్చే చోట చేతి వెనకభాగం ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత పక్కకు తప్పుకుని గురుమూర్తికి చోటిచ్చాడు. గాలి చల్లగా, సన్నగా వేళ్ల సందుల్లోంచి పోతోంది.

గ్యారేజీ యజమాని హారూన్ వచ్చి కిటికీలోంచి ముఖం లోపల పెట్టి, కళ్లు మూసుకుని, "వాహ్ ఉస్తాద్" అన్నాడు. ఆ మాట ఎవరినన్నాడో గురుమూర్తి ఆలోచించలేదు. తనే నవ్వి తల ఊపాడు.

పాత కార్ల క్లబ్బు వాళ్ల ప్రదర్శన మర్నాటి నుంచి మూడు రోజులు. దానికి కావాల్సిన కాగితం బానెట్ మీద పెట్టుకుని నింపాడు. బండి పేరు, ఏడాది, యజమాని. ఏ విభాగంలో పోటీకి అన్నచోట కలం కొంచెంసేపు ఆగింది. ఆఖరున ఒక విభాగం ఉంది, యజమాని తన చేతులతో స్వయంగా బాగుచేసుకున్న బండి. దాని ఎదుట టిక్కు పెట్టాడు. కింది వరసలో బాగుచేసినవారు అన్నచోట తన పేరే రాశాడు. ఈ ఏడాదిగా ప్లాంటులో, విందుల్లో, ఫోన్లో ఎవరడిగినా అలాగే చెబుతున్నాడు. ఫ్లోరు మార్చాను, బ్రేకులు మార్చాను, డోర్లు సరిచేశాను. అని అని ఆ మాట నోటికి అలవాటైపోయింది.

ఆ పక్కనే సుధాకర్ తడిగుడ్డతో సీటు మీద తన మోచేతి మరక తుడుస్తున్నాడు.

*

గురువారం పొద్దున సాల్మియాలో సముద్రం ఒడ్డు మైదానంలో నలభై బండ్లు వరసగా నిలబడ్డాయి. బండి నిగనిగలాడుతూ ఉండాలంటే ఎవరో ఒకరు దగ్గరుండాలని గురుమూర్తి అడిగితే, హారూన్ రెండు రోజులు సుధాకర్‌ను పంపడానికి ఒప్పుకున్నాడు. అతను ఉతికిన చొక్కా వేసుకుని, మెత్తటి గుడ్డలు నాలుగు సంచిలో పెట్టుకుని ఎనిమిదికల్లా వచ్చాడు. తడిసిన ఇసుక చక్రాలకు అంటుకుంటోందని ముందు నాలుగు టైర్ల కిందా అట్టలు పరిచాడు.

క్లబ్బు మనుషులు ప్రతి బండి ముందూ ఒక బోర్డు నిలబెట్టారు. ఇంగ్లీషులో ఆరు వరసలు, కింద అవే అరబ్బీలో. సుధాకర్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. చేతులు వెనక కట్టుకుని, గుడిలో శిలాశాసనం చూసినట్టు కిందినుంచి పైకీ పైనుంచి కిందికీ చూశాడు.

"ఏం రాసినారు సార్ దీంట్లో?"

గురుమూర్తి అద్దం మీద లేని మరక ఒకటి వేలితో తుడిచాడు. "ఏముంది, బండి పేరు, ఏ ఏడాదిది, ఇంజను సైజు. అవే."

సుధాకర్ తల ఊపాడు. జేబులోంచి ఫోను తీసి బోర్డుకు ఒక ఫోటో తీసుకున్నాడు. తన భార్య రమాదేవికి పంపుతానన్నాడు. సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుందామె. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉన్నా రెండువారాలకొకసారి శుక్రవారం మధ్యాహ్నం నాలుగు గంటలు కలుసుకోవడమే. ఆ సంగతి గురుమూర్తికి తెలుసు. ఆమె ఇంగ్లీషు చదవగలదన్న సంగతి మాత్రం తెలియదు.

పదకొండు గంటలకు క్లబ్బు పెద్ద అబూ మిషాల్ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. తెల్లటి పొడుగు దిష్‌దాషా అంగీ మడిచి పట్టుకుని, చాప తెప్పించుకుని, బండి పక్కన నేల మీద పడుకుని అడుగుభాగం కిందికి టార్చి వేశాడు. ఫ్లోరు రేకు అతికిన చోట అంగుళం అంగుళం వేలితో రాసుకుంటూ పోయాడు. పుట్టీ పూసి కప్పెట్టిన జాడ ఎక్కడా లేదు. లేచి, మోకాళ్లు దులుపుకుని, ఆ అతుకు ఎవరు వేశారని ఇంగ్లీషులో అడిగాడు. నీ చెయ్యేనా అన్నట్టు గురుమూర్తి చేతివైపు చూపించాడు.

గురుమూర్తి అవునన్నాడు.

అబూ మిషాల్ చెయ్యి కలిపాడు. కలిపిన చేతిని పట్టుకోవాల్సినదానికంటే ఒక్క క్షణం ఎక్కువ పట్టుకుని, వదిలేసి, మాషాల్లా అని ముందుకు నడిచాడు. నాలుగడుగుల దూరంలో సుధాకర్ వంగి వెనక బంపరు తుడుస్తూనే ఉన్నాడు. గుడ్డ ఒకేచోట గుండ్రంగా తిరుగుతోంది.

ఆ సాయంత్రం అబూ హలీఫాలోని ఫ్లాటులో టీ తాగుతూ గురుమూర్తి ఆ పెద్దమనిషి చాప మీద పడుకున్న సంగతి భార్య సుమతికి చెప్పాడు. ఏ విభాగంలో పోటీ అని ఆమె అడిగింది. చెప్పాడు. సుమతి దుప్పటి మడత పెడుతున్నదల్లా ఆగి అతనివైపు చూసింది.

"బాత్రూములో బల్బు పోతే మీరు కింద కాపలా ఉండే హారిస్‌ని పిలిపిస్తారు కదండీ" అంది.

వెటకారంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగినట్టు అడిగింది. మళ్లీ దుప్పటి మడతలో పడింది. రోజూ కప్పు సింకులో పెట్టి వచ్చేసే గురుమూర్తి, ఆరోజు ఎందుకో దాన్ని కడిగి బోర్లించాడు.

*

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి సుధాకర్ ఫోన్ చేశాడు. బండికి ఏమైనా అయిందేమోనని గురుమూర్తి కంగారుపడ్డాడు. బండికేం కాలేదు.

"మీకొక మాట చెప్దామని చేసినా సార్. నిన్న బోర్డు ఫోటో మా ఇంటామెకు పంపించినా గదా. ఆయమ్మ చదివి చెప్పింది. బాగుచేసినోడు సుధాకర్ అని పెద్దక్షరాల్తో రాసినారంట. శానా సంతోషం సార్."

గురుమూర్తి చేతిలో పెసరట్టు ముక్క చేతిలోనే ఉండిపోయింది. అవతల సుధాకర్ నింపాదిగా చెప్పుకుపోతున్నాడు. ఈపొద్దు రమాదేవికి సెలవు. రెండింటికి వదుల్తారు, ఆరుకల్లా ఇంట్లో ఉండాల. బండిని ఒకసారి చూస్తానంటాంది. తీసకరావచ్చా.

"తీసుకురా" అన్నాడు గురుమూర్తి.

ఫోన్ పెట్టేసి అలాగే కూర్చున్నాడు. ఆమెకు చదవడం సరిగ్గా రాక తప్పు చెప్పిందేమో అనుకున్నాడు. పేరే లేని చోట పేరుందని చదవడానికి ఎంత చదువు తక్కువ కావాలి? సుమతి ఇంకో అట్టు వెయ్యనా అని వంటింట్లోంచి అడిగింది. వద్దన్నాడు. జరిగినదంతా ఆమెకు చెప్పాడు. ఆమె అట్లకాడ పట్టుకునే విన్నది. ఏం చేయాలో చెప్పలేదు. బోర్డు ఎత్తు ఎంత ఉంటుందని మాత్రం అడిగింది. ఛాతీ దాకా ఉంటుందని అతను చేత్తో చూపించాడు. అంత పెద్దదా అంది సుమతి.

మధ్యాహ్నం మూడు కావస్తుండగా వాళ్లిద్దరూ మైదానం గేటు దగ్గర బస్సు దిగి వచ్చారు. రమాదేవి సన్నగా, పొడవుగా ఉంది. నీలిరంగు చుడీదారు, తలమీదుగా తెల్లటి చున్నీ, చేతిలో ఆమె మామా అని పిలిచే యజమానురాలు కట్టిచ్చిన అన్నం డబ్బా. బండి చూడగానే డబ్బా కింద పెట్టి, చున్నీ కొంగుకు చెయ్యి తుడుచుకుని, అప్పుడు తలుపు మీద వేళ్లు ఆనించింది.

సుధాకర్ ఆమెను బండి చుట్టూ తిప్పాడు. తొందరలేకుండా, ఒక్కో చోటా ఆగుతూ చెప్పాడు. వెనక చక్రం పైన వంపు రేకు చూపించి, ఇది బజార్లో దొరకదన్నాడు. చెక్కదిమ్మ మీద పెట్టి తొమ్మిది రోజులు కొట్టినానన్నాడు. రేకు సమంగా వచ్చిందో లేదో కంటికి తెలియదని, పలచటి గుడ్డ పరిచి, కళ్లు మూసుకుని అరచెయ్యి పోనిచ్చి చూపించాడు. ఆమె చేత కూడా అలా చేయించాడు. ఆమె కళ్లు మూసుకుని, నవ్వు ఆపుకుంటూ, నీళ్లమాదిరి ఉండాదంది. డ్రైవరు సీటు కింద రేకు కోస్తున్నప్పుడు నిప్పురవ్వ కాలరు లోపల పడిందని, చెయ్యి ఖాళీ లేక అతుకు పూర్తయ్యేదాకా అట్లే ఉన్నానని చెప్పి, మెడ మీద మచ్చ చూపించాడు. ఆ శుక్రవారం గురుమూర్తి అక్కడే ఉన్నాడు. స్టూలు మీద కూర్చుని ఫోన్లో ఎవరికో ఫ్లోరు మారుస్తున్నానని చెబుతున్నాడు.

ఇంతలో ఎవరో వచ్చి ఇంజను చూపించమంటే సుధాకర్ బానెట్ ఎత్తడానికి వెళ్లాడు. రమాదేవి బోర్డు దగ్గరికి వచ్చింది. ఒకసారి చదివి, గురుమూర్తి వైపు తిరిగి, గొంతు తగ్గించింది.

"సార్, ఒక మాట. నేను చూస్కునే పిల్లోళ్లు చదువుకునేటప్పుడు పక్కన కూసోని ఏడేండ్లుగా ఇంగిలీషు నేర్చుకున్నా. నిన్న ఫోటో చూస్తానే తెల్సింది, మీ పేరే ఉండాదని. ఏముందే ఏముందే అని ఆయప్ప మూడుతూర్లు ఫోన్ చేసినాడు. నోటికొచ్చినట్ల చెప్పేసినా. కాదని మీరు ఆయప్పకు చెప్పాకండి సార్."

గురుమూర్తి ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం ఊపింది.

"మీమింద కోపం లేదు సార్. ముందు కంపెనీలో ఉన్నప్పుడు ఫోన్ చేస్తే తిన్న్యావా, పన్నుకున్న్యావా, అంతే మాట. అర్ధగంట ఇద్దరం పలక్కుండా ఉన్నరోజులు కూడా ఉండాయి. ఈ బండి వచ్చినప్పట్నించి ఒకటే మాటలు. ఈపొద్దు తలుపు సరిగ్గా కూసునింది, ఈపొద్దు రేకు వంగింది, అని. బండ్ల సంగతి నాకేం తెలుసు. మనిషి మాట్లాడతాండాడు, అది చాలనుకున్నా. ఆ పని మీరిచ్చినారు. దానికి మీకు దండం పెట్టాల."

నిజంగానే చేతులు జోడించింది. బానెట్ అవతలినుంచి సుధాకర్ చూసి, ఆమె సార్‌కు నమస్కారం చెబుతోందనుకుని నవ్వాడు.

గురుమూర్తికి ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. తిట్టి ఉంటే ఏదో సమాధానం చెప్పుకునేవాడు. ఇప్పుడే వస్తానమ్మా అని, ఇసుకలో పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ క్లబ్బు డేరా వైపు నడిచాడు.

*

అబూ మిషాల్ మడతకుర్చీలో కూర్చుని ఖర్జూరపండు వలుచుకుంటున్నాడు. గురుమూర్తి నిలబడే చెప్పాడు. తను రాసింది తప్పని, పని తనది కాదని, తన దగ్గరుండే మనిషిదని. తన దగ్గరుండే మనిషి అన్నమాట తనకే నచ్చక, మళ్లీ సరిచేసుకున్నాడు. షువైఖ్‌లో హారూన్ గ్యారేజీలో రేకుపని చేసే డెంటరు, అన్నాడు. ఫ్లోరూ, రేకులూ, బ్రేకులూ, ఏసీ, అన్నీ అతనివే. తను సామాన్లు తెప్పించాడు, అంతే.

అబూ మిషాల్ ఆశ్చర్యపోలేదు. నీ అరచెయ్యి పట్టుకున్నప్పుడే అనుకున్నానన్నాడు. ఈ విభాగంలోంచి నీ బండి ఖలాస్, రేపటి బహుమతుల్లో ఉండదు, అయినా ఫర్వాలేదా అని అడిగాడు. ఫర్వాలేదన్నాడు గురుమూర్తి. బోర్డు మార్చి రాయించగలరా అని అడిగాడు. పెద్దాయన తన గుమాస్తాను పిలిచి కొత్త కాగితం ఇప్పించాడు.

"పూర్తి పేరు రాయి" అన్నాడు.

కలం కాగితం మీద పెట్టి గురుమూర్తి ఆగిపోయాడు. సుధాకర్. ఫోన్లో సుధాకర్ గ్యారేజ్ అని ఉంటుంది. ఇంటిపేరు ఏమిటి? పద్నాలుగు నెలల్లో యాభైకి పైగా శుక్రవారాలు పక్కపక్కన కూర్చుని టీ తాగారు. అతని ఊరు రాజంపేట దగ్గరని తెలుసు. చక్కెర తక్కువ వేసుకుంటాడని తెలుసు. పేరు తెలియదు. ఒక్క నిమిషం అని కాగితం పట్టుకుని మళ్లీ ఇసుకలో పడి నడిచాడు.

సుధాకర్ ఇంకా ఇంజను దగ్గరే ఉన్నాడు. గురుమూర్తి కాగితం రమాదేవికి ఇచ్చి, ఏ వరసలో రాయాలో వేలు పెట్టి చూపించాడు. ఆమె ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత చున్నీ భుజం మీదికి తోసుకుని, కాగితాన్ని అన్నం డబ్బా మూత మీద పెట్టుకుని, ఒక్కో అక్షరమూ విడివిడిగా, గుండ్రంగా, చిన్నపిల్లల చేతిరాతలో రాసింది. గాలివీటి సుధాకర్. రాసి, కింద ఒకసారి చూసుకుని, ఊరు కూడా రాయచ్చా సార్ అని అడిగింది. రాయమన్నాడు. రాజంపేట అని రాసింది.

గంటలో కొత్త బోర్డు వచ్చింది. పాతది పీకి దీన్ని నాటుతుంటే సుధాకర్ గుడ్డ భుజాన వేసుకుని దగ్గరికి వచ్చాడు.

"ఎందుకు సార్ మారుస్తాండారు?"

"నీ ఇంటిపేరు లేదు అందులో" అన్నాడు గురుమూర్తి. "చేర్పించాను."

సుధాకర్ ఓహో అన్నాడు. నిన్నటిలాగే చేతులు వెనక కట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాడు. ఈసారి పైనుంచి కిందికి వెతకలేదు. చూపు నేరుగా ఐదో వరస మీదికి పోయి అక్కడే ఆగింది. రమాదేవి పక్కన నిలబడి గట్టిగా, అక్షరం అక్షరం చదివి వినిపించింది. ఎక్కడా గొంతు తడబడలేదు.

అబూ మిషాల్ చాప చంకలో పెట్టుకుని తనే నడిచి వచ్చాడు. గురుమూర్తిని దాటి సుధాకర్ దగ్గరికి పోయి, కిందికి చూపించు అన్నాడు. ఇద్దరూ ఒకే చాప మీద పక్కపక్కన వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగారు. బయటికి నాలుగు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. కిందినుంచి సుధాకర్ గ్యారేజీ అరబ్బీ వినిపించింది. ఇక్కడ తుప్పు, ఇక్కడ కోసినా, ఇక్కడ రేకు కింద రేకు. పెద్దాయన ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్నాడు. చుట్టూ పదిమంది చేరారు. గురుమూర్తి వాళ్ల మధ్యలోంచి వెనక్కి తప్పుకుని, చూసేవాళ్లలో ఒకడిగా నిలబడ్డాడు. తనకు ఎప్పటినుంచో ఇష్టమైన బండిని ఎవరు చేశారో తను కూడా మొదటిసారి చూస్తున్నట్టు ఉంది.

బయటికి వచ్చాక అబూ మిషాల్ సుధాకర్‌తో చెయ్యి కలిపి, దాన్ని తిప్పి అరచెయ్యి చూశాడు. తన దగ్గర రెండు పాత బండ్లు పాడై ఉన్నాయనీ, వచ్చేవారం గ్యారేజీకి పంపుతాననీ, వేరేవాళ్ల చెయ్యి పడకూడదని హారూన్‌కు చెబుతాననీ అన్నాడు. సుధాకర్ ఆ చెయ్యి ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక అలాగే ఉంచాడు.

*

ఐదున్నరకు బయల్దేరారు. బస్సులో పోతామని వాళ్లంటే గురుమూర్తి ఒప్పుకోలేదు. ఎలాగూ పోటీలో లేదు కాబట్టి బండిని కాసేపు బయటికి తీసుకుపోతానని పెద్దాయనకు చెప్పి తాళాలు తెచ్చాడు. ముందు సీట్లో కూర్చోమని రమాదేవికి చెప్పాడు. ఆమె వద్దంది. చేసినోడు ముందు కూసోవాల సార్ అని, సీటు వంచి వెనక్కి దూరి, చెప్పులు విడిచి కాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

చీకటి పడింది. ముప్పై నంబరు రోడ్డు మీద శుక్రవారం సాయంత్రపు బండ్లన్నీ సముద్రం నుంచి ఇళ్లకు పోతున్నాయి. పక్కబండిలోంచి పిల్లలు కిటికీ దించి మస్టాంగ్‌ను చూసి చేతులు ఊపారు. సుధాకర్ కూడా ఊపాడు. మొదట్లో రమాదేవి ఏవో అడిగింది, ఈ గడియారం పనిచేస్తుందా, ఈ గాలి యాడనుంచి వస్తాండాది అని. తర్వాత మాటలు ఆగిపోయాయి. గురుమూర్తి అద్దంలో చూస్తే ఆమె తల సీటుకు ఆనించి నిద్రపోతోంది. పొద్దున నాలుగున్నరకే లేచిందంట సార్, మామా ఇంట్లో ఈపొద్దు చుట్టాలు, అన్నాడు సుధాకర్.

కొంతదూరం పోయాక గురుమూర్తి గొంతు తగ్గించాడు.

"సుధాకర్, నిన్న ఆ బోర్డు మీద నేను..."

"తెలుసు సార్."

సుధాకర్ ముందుకే చూస్తున్నాడు.

"నా పేరు ఇంగిలీషులో ఎట్లుంటాదో నాకు తెలీదా సార్. దినామూ ఇఖామా కార్డు మింద చూస్తాండేదే గదా. మొదటక్షరం పాముమాదిరి మెలికె తిరిగి ఉంటాది. బోర్డంతా యెతికినా, యాడా లేదు. ఉండాదని ఆయమ్మ అంత సంతోషంగా చెప్తాంటే కాదని ఎట్లనేది."

గురుమూర్తి అడిగాడు. "మరి పొద్దున ఫోన్ చేసి నాకు సంతోషమని చెప్పావు?"

"ఆయమ్మ వస్తానంటాండాది. మీకు సంగతి తెలీక, అతని పేరెక్కడుందమ్మా అంటారేమోనని. ముందే మీ చెవిన ఏసినా, అంతే." ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఇంకా నెమ్మదిగా అన్నాడు. "నాకు తెల్సునని ఆయమ్మకు తెలీదు. తెలియనీయాకండి సార్."

"చెప్పను" అన్నాడు గురుమూర్తి. మధ్యాహ్నం ఆమె అడిగిందీ అదే. ఇద్దరి మాటా ఇప్పుడు తన దగ్గరే ఉంది.

ఇంకేదో అనాలి. క్షమించమనడం మరీ తేలికైపోతుందనిపించింది. "నన్ను అప్పుడే అడగాల్సింది నువ్వు" అన్నాడు చివరికి.

"మీరు మార్చినారు గదా సార్" అన్నాడు సుధాకర్. అక్కడితో ఆ మాట అయిపోయిందన్నట్టు కిటికీలోంచి బయటికి చూశాడు.

సబా అల్ సలేంలోకి తిరిగేసరికి ఆరుకు ఇంకా పావుగంట ఉంది. ఖర్జూరపు చెట్లు వరసగా ఉన్న వీధి, చివర తెల్లరాయి అతికించిన రెండంతస్తుల ఇల్లు. గేటు దీపం వెలుగుతోంది. బయట చుట్టాల బండ్లు నాలుగు నిలబడి ఉన్నాయి. లోపలినుంచి పిల్లల అరుపులు, గిన్నెల చప్పుడు. గురుమూర్తి వేగం తగ్గించి గేటు దగ్గరికి తీసుకుపోబోయాడు.

సుధాకర్ స్టీరింగు మీదున్న అతని చేతిని మెల్లగా తాకాడు. పద్నాలుగు నెలల్లో అతను అలా తాకడం అదే మొదటిసారి. వెనక్కి చూపించాడు. రమాదేవి నోరు కొంచెం తెరిచి, చెంప కింద అరచెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది. చల్లగాలికి చున్నీ అంచు చెవి దగ్గర సన్నగా కదులుతోంది.

"పది నిమిషాలుండాది సార్" అన్నాడు గుసగుసగా.

ఈ బండి చప్పుడంటే గురుమూర్తికి ప్రాణం. సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా ఇంజను ఒకసారి గట్టిగా గుర్రుమనిపించకుండా ఎప్పుడూ కదలలేదు. ఇప్పుడు షూ మడమ నేలకు ఆనించి, యాక్సిలరేటరును బొటనవేలితో మాత్రమే ఒత్తుతూ, ఇంజను నోరు మెదపకుండా గేటు ముందునుంచి బండిని జరిపాడు. ఇల్లు దాటింది. వీధి చివర మలుపు తిప్పేటప్పుడు స్పీడుబ్రేకరు వస్తోందని సుధాకర్ వేలెత్తి చూపించాడు. గురుమూర్తి దాని మీదినుంచి ఒక్కో చక్రాన్నీ విడివిడిగా, నీళ్లకుండ దించినట్టు దించాడు.